కుర్చీ వెనుక గొంతు

2022 మే నెల. హనుమకొండలో ఒక ప్రైవేటు ఆసుపత్రి మూడో అంతస్తులో ఎనిమిది మంచాల వార్డు కొత్తగా తెరిచారు. బయట బోర్డు మీద ఏదో ఇంగ్లీషు పేరు ఉండేది గానీ, లిఫ్టు నడిపే ఆయన మాత్రం వచ్చినవాళ్లందరికీ "అన్నం తినని పిల్లల వార్డు" అనే చెప్పేవాడు. ఆయన చెప్పింది తప్పు కాదు. ఈటింగ్ డిజార్డర్ అంటే తిండితో మనిషికి ఉండే సంబంధమే చెడిపోయే జబ్బు. ఇంట్లో బియ్యం ఉంటాయి, కడుపులో ఆకలి ఉంటుంది, ఎదురుగా కంచం ఉంటుంది, చెయ్యి మాత్రం కదలదు. ముదిరితే ప్రాణం పోతుంది. మన వైపు ఇలాంటి జబ్బులు లేవని చాలాకాలం నేనూ అనుకున్నాను. ఉన్నాయి. వాటికి మనం వేరే పేర్లు పెట్టుకున్నాం, అంతే.

అప్పటికి నేను నర్సు పనిలో చేరి ఇరవై రెండేళ్లు. ఆ వార్డుకు నన్ను ట్రైనింగ్ ఇన్‌చార్జిగా వేశారు. ఆయాలకు, అటెండర్లకు, కొత్త నర్సులకు, వంటవాళ్లకు ఈ రోగులతో ఎలా మెలగాలో నేర్పడం నా పని. డాక్టరు రోగి దగ్గర రోజుకు పది నిమిషాలు ఉంటే ఆయా పది గంటలు ఉంటుంది. "ఏంది బిడ్డా, గిట్ల ఎండిపోయినవ్" అని ఒక ఆయా జాలిగా అన్న మాట వారం రోజుల వైద్యాన్ని వెనక్కి తిప్పగలదు. "ఇప్పుడు జర ఒళ్లు చేసినవ్" అని మెచ్చుకుంటే ఇంకా ప్రమాదం. అందుకే మాటలతో సహా నేర్పాలి.

ఆ వార్డును చూసి మా సిబ్బంది మొదటి రోజు నుంచే జంకారు. అక్కడ అద్దాలు ఉండవు. బాత్‌రూముల్లోవి తీసేశాం. లిఫ్టు తలుపు స్టీలుది కాబట్టి అందులో మనిషి రూపం కనిపిస్తుందని ఖాకీ కాగితం అంటించాం. బరువు చూసేటప్పుడు అంకె కనబడకుండా రోగిని వెనక్కి తిప్పి నిలబెడతాం. దాన్ని బ్లైండ్ వెయిట్ అంటారు. వరంగల్ ఎండలకు కింది అంతస్తుల్లో జనం చీర కొంగులతో, ఎక్స్‌రే కవర్లతో విసురుకుంటుంటే, పైన మా వార్డులో ఫ్యాన్లు ఆపేసి, ఆడపిల్లలు స్వెటర్లు తొడుక్కుని, చేతులు చంకల్లో దాచుకుని వరండాలో అటూ ఇటూ నడుస్తూ ఉండేవారు. ఒంట్లో కొవ్వు కరిగిపోతే వెచ్చదనం నిలవదు. మధ్యాహ్నం పన్నెండున్నరకు భోజనాల బండి చక్రాల చప్పుడు వినిపించగానే ఆ నడకలన్నీ ఒక్కసారిగా ఆగిపోయేవి. అంతమంది మనుషులున్న చోట అంత నిశ్శబ్దం నేను ఇంకెక్కడా వినలేదు.

కొమురమ్మ అని ఒక ఆయా ఉండేది. పాలంపేట పక్క ఊరు ఆమెది, యాభై దాటిన మనిషి. రెండో రోజే నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి అన్నది:

"సిస్టర్, పీనుగ లేచిన ఇంట్ల గూడ ఇంత సప్పుడు లేకుంట ఉండదు. అద్దాలు తీసేసిండ్రు. ఎండల పిల్లలకు సలి పెడ్తాంది. ఇది దవాఖాన లెక్క అనిపిస్తలేదు నాకు."

జబ్బు లక్షణాలు వివరించి పంపాను. తల ఊపింది గానీ నమ్మలేదు.

ఆ ఎనిమిది మందిలో శ్రావ్య అనే అమ్మాయి ఉండేది. పందొమ్మిదేళ్లు, ఇంజనీరింగ్ రెండో సంవత్సరం. మట్టెవాడలో వాళ్లకు బట్టల దుకాణం. ఎవరితోనూ మాట్లాడేది కాదు. ఒక సోమవారం పొద్దున బరువు చూస్తున్నాను. నాకు వీపు పెట్టి నిలబడి ఉంది కాబట్టి కాబోలు, ఆ రోజు నోరు విప్పింది.

"ఆమె ఇయ్యాల గూడ వచ్చింది సిస్టర్."

"ఎవరమ్మా?"

"తినేటప్పుడు నా కుర్చీ ఎనుక నిలబడుతది గదా, ఆమె."

ఇది దయ్యం సంగతి కాదని ఇక్కడ చెప్పాలి. ఈ జబ్బు ఉన్నవాళ్లలో చాలామంది తమ జబ్బును ఒక గొంతుగా, ఒక మనిషిగా చెబుతారు. అది తమ ఆలోచనేనని వాళ్లకు తెలుసు. అయినా పక్కన ఎవరో ఉండి అన్నట్టే ఉంటుందంటారు. ఇదంతా నాకు తెలిసిన విషయమే. తెలిసినా, ఆ అమ్మాయి వెనుక నిలబడి ఉన్నది నేనే కాబట్టి, ఒక్క అడుగు పక్కకు జరిగాను.

"తిడుతుందా నిన్ను?" అని అడిగాను.

"తిట్టదు. తిడితే మంచిగుండు. మస్తు ప్రేమగ అంటది." అప్పటిదాకా కాలేజీ పిల్లలా ఉన్న ఆమె గొంతు ఒక్కసారిగా వయసు మీరినట్టు మారింది. "'తిను బిడ్డా, తిను. నీకు సిగ్గు లేదని నాకు ముందే ఎరుక' అంటది."

ఆ మాట ఫైల్లో రాయలేదు. డాక్టర్ మేడం సెలవులో ఉన్నారు, వచ్చాక నేరుగా చెబుదామనుకున్నాను.

మరుసటి రోజు మంగళవారం, కింద క్యాంటీన్ వెనుక ఉన్న హాల్లో సిబ్బందికి ట్రైనింగ్. పన్నెండు మంది వచ్చారు. మధ్యాహ్నం నేనొక రోల్ ప్లే పెట్టాను. ఒకరు కుర్చీలో కూర్చుని కంచంలోది తినాలి. ఇంకొకరు వెనుక నిలబడి జబ్బు ఏమంటుందో ఊహించి చెవిలో అంటూ ఉండాలి. "ఒక్క ముద్ద తింటే ఏం పోతది ఈ పిల్లలకు?" అని అడిగేవాళ్లకు ఆ ఒక్క ముద్ద ఎంత బరువో తెలియాలని దాని ఉద్దేశం. హైదరాబాద్‌లో నాకు నేర్పిన పద్ధతే.

కొమురమ్మ కూర్చుంది. ముందు పెరుగన్నం, మామిడికాయ తొక్కు. మొదట రజిత అనే కొత్త నర్సు వెనుక నిలబడి, "ఏయ్, తినకు! లావైతవ్! జాకెట్టు పట్టది!" అని అరిచింది. అందరూ నవ్వారు. కొమురమ్మ కూడా నవ్వుతూ, "నువ్వు ఒర్రుకుంట ఉండు బిడ్డా, నేను తింట" అని రెండు ముద్దలు మింగింది.

అప్పుడు వెనుక వరసలో నుంచి ఒకామె లేచి, "నేను నిలబడత సిస్టర్" అన్నది.

ఆమె పేరు స్వరూప. ముప్పై నాలుగేళ్లు. కొత్తవాడలో మగ్గాల ఇంటి మనిషి, భర్త పవర్‌లూమ్ మీద పని చేస్తాడు. అంతకు ముందు ఇంకో ఆసుపత్రిలో పేషెంట్ల సంరక్షణ చూసేది. ఆ రోజు పొద్దున్నే మా దగ్గర చేరింది. వస్తూ వస్తూ డబ్బా నిండా మక్క గారెలు తెచ్చి అందరికీ పంచింది. మనిషి సన్నగా ఉంది గానీ, మా వైపు కష్టం చేసుకునే ఆడవాళ్లలో సన్నగా లేనిదెవరు? నాకు గారె అందిస్తున్నప్పుడు ఆమె వేళ్లు తగిలి ఉలిక్కిపడ్డాను. అంత ఎండలో ఆ వేళ్లు మంచు ముక్కల్లా ఉన్నాయి. ఉలిక్కిపడి, మరచిపోయాను.

స్వరూప అరవలేదు. కొమురమ్మ భుజం మీద మెల్లగా చెయ్యి వేసి, చెవి దగ్గరికి వంగింది.

"ఏం కలుపుతానవ్ బిడ్డా? కలుపు, మంచిగ కలుపు." పసిపిల్లకు గోరుముద్దలు పెడుతున్నంత లాలనగా ఉంది ఆ గొంతు. "పొద్దున గూడ తిన్నవ్ గదా. ఎవ్వలు చూడలేదనుకున్నవ్. నేను చూసిన. నేను ఎప్పటికి చూస్తనే ఉంట."

నవ్వులు ఆగిపోయాయి. కొమురమ్మ ముద్ద పట్టుకున్న చెయ్యి గాలిలో ఆగింది.

"ఆగినవేంది? తిను." స్వరూప ఇంకొంచెం వంగింది. "తిను బిడ్డా, తిను. నీకు సిగ్గు లేదని నాకు ముందే ఎరుక."

ఆ మాట శ్రావ్యకూ నాకూ తప్ప ఇంకెవరికీ తెలియదు. అక్షరం తేడా లేదు. ఆ లాలన కూడా అదే.

"చాలు స్వరూపా" అన్నాను. వినలేదు. కళ్లు తెరిచే ఉన్నాయి గానీ ఎవరినీ చూడడం లేదు. పెదవులు ఇంకా కదులుతున్నాయి. రెండోసారి అన్నాను, మూడోసారి అన్నాను. చివరికి వెళ్లి మణికట్టు పట్టుకుంటే ఆగింది. ఆగి, మామూలు మనిషిలా నవ్వి, "మంచిగ చేసిన్నా సిస్టర్?" అని అడిగింది.

కొమురమ్మ ముద్ద కంచంలో వదిలేసింది. ఆమె చెంపల మీద నీళ్లు కారుతున్నాయి.

బుధవారం పొద్దున వార్డుకు వెళ్లేసరికి శ్రావ్య నా కోసమే అన్నట్టు తలుపు దగ్గర నిలబడి ఉంది.

"సిస్టర్, నిన్న మధ్యాహ్నం ఆమె రాలే. ఎటో పోయింది. నేను కంచం మొత్తం తిన్న."

డ్యూటీ నర్సు రిజిస్టరు చూశాను. మంగళవారం భోజనం పూర్తిగా తిన్నదని రాసి ఉంది. వార్డులో చేరాక అదే మొదటిసారి.

"ఎటు పోయిందో మీకు ఎరుకనా?" అని అడిగింది శ్రావ్య.

లేదన్నాను.

మంగళవారం మధ్యాహ్నం సిబ్బంది అంతా కింద ట్రైనింగ్‌లో ఉన్నారు. వార్డులో ఇద్దరే నర్సులు. తనను గమనించే కళ్లు తగ్గినందువల్ల ఆ పిల్ల ప్రశాంతంగా తిని ఉండవచ్చు. నాకు నేను చెప్పుకున్న కారణం అదే. నిజం అదో కాదో నాకు ఇప్పటికీ తెలియదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ఆ రోజే వార్డు తలుపుకు ఎవరో వేపమండ కట్టారు. ఇద్దరు అటెండర్లు వేరే అంతస్తుకు మార్చమని అడిగారు. కొమురమ్మ ముందు రోజు మధ్యాహ్నం నుంచి ఏమీ తినలేదట.

"గొంతు దిగుతలేదు సిస్టర్" అన్నది. "ఆ స్వరూప నోట్లకెల్లి వచ్చింది ఆమె మాట గాదు. పైన పిల్లలను పట్టిందే గీమెను గూడ పట్టింది. నువ్వు చదువుకున్నదానివి, నీకు ఎట్ల చెప్పాలె?"

నేను చదువుకున్నదాన్నే కాబట్టి విచారణ చేశాను. స్వరూప అప్పటిదాకా మూడో అంతస్తు మెట్టు ఎక్కలేదు. శ్రావ్యను చూడలేదు. ఫైల్లో ఆ మాటే లేదు. సాయంత్రం డాక్టర్ మేడం రాగానే అంతా చెప్పాను. ఆవిడ అడ్డు రాకుండా విని ఒక్క ప్రశ్న వేశారు.

"స్వరూప తింటుండగా మీరు చూశారా?"

"అందరికీ గారెలు తెచ్చింది మేడం. వద్దన్నా వినకుండా పెట్టింది."

"నేనడిగింది అది కాదు సుజాత గారూ."

అప్పుడు గుర్తొచ్చింది. ఎవరో ఒక గారె ఆమె నోటికి అందించబోతే, "ఇయ్యాల నాకు ఒక్కపొద్దు" అని నవ్వుతూ తప్పించుకుంది.

"ఆమెను విడిగా కూర్చోబెట్టి అడగండి. ఆలోగా వార్డు డ్యూటీ వేయకండి" అన్నారు మేడం.

ఇక్కడే నేను తప్పు చేశాను. గురువారం ఇద్దరు రాలేదు, ఇద్దరు మార్పు అడిగారు, మనుషులు చాలలేదు. స్వరూప ముందుకు వచ్చి, "నేను పోత సిస్టర్, నాకేం భయం లే" అన్నది. ఒక్క పూటే కదా, రేపు తీరికగా మాట్లాడదామనుకుని శ్రావ్యకు మీల్ సపోర్ట్‌గా పంపాను. మీల్ సపోర్ట్ అంటే రోగి ఎదురుగా కూర్చుని, అదే భోజనం తాను కూడా తింటూ, తిండి ఊసు కాకుండా వేరే కబుర్లు చెబుతూ ఆ అరగంట దాటించడం.

ఒంటి గంటకు వెళ్లి తలుపుకున్న గాజు పలకలోంచి చూశాను. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని ఉన్నారు. మాటల్లేవు. శ్రావ్య వేళ్లు అన్నాన్ని కంచం అంచుకు నెడుతున్నాయి, మళ్లీ మధ్యకు తెస్తున్నాయి. స్వరూప వేళ్లు కూడా అంతే. ఒకరిని చూసి ఒకరు చేయడం లేదు. ఇద్దరూ కంచాల వైపే చూస్తున్నారు. అయినా ఆ రెండు చేతులూ ఒకేసారి బయల్దేరి ఒకేసారి ఆగుతున్నాయి. పందొమ్మిదేళ్ల కాలేజీ పిల్ల, ముప్పై నాలుగేళ్ల ఇల్లాలు. ఇద్దరి పెదవుల మీదా ఒకేలాంటి సన్నటి నవ్వు.

తలుపు తోసుకుని లోపలికి వెళ్లాను. శ్రావ్య తల తిప్పకుండానే అన్నది:

"సిస్టర్, ఈ అక్క దగ్గరికి గూడ వస్తదట ఆమె."

నా నోట్లోంచి నాకు తెలియకుండానే మాట వచ్చేసింది. "ఇప్పుడు ఎవరి దగ్గరుంది?"

ఇద్దరూ ఒకేసారి తలెత్తి నా భుజం మీదుగా నా వెనక్కి చూశారు.

నా వెనుక గోడ మీద గడియారం ఉంది. భోజనం వేళ ఇంకెంత మిగిలిందోనని చూశారట. ఆ సంగతి తర్వాత తెలిసింది. ఆ క్షణంలో మాత్రం, ఇరవై రెండేళ్ల సర్వీసు ఉన్న నేను, వెనక్కి తిరగలేకపోయాను.

స్వరూప కంచాలు తీయడానికి లేచి, బల్ల అంచు పట్టుకుని ఆగిపోయింది. పరుగెత్తి చెయ్యి పట్టుకున్నాను. నాడి దొరకడానికే కొంతసేపు పట్టింది. దొరికాక ఒక దెబ్బకూ ఇంకో దెబ్బకూ మధ్య ఎంత ఎడం ఉందంటే, ఆగిపోయిందని రెండుసార్లు అనుకున్నాను.

ఈసీజీ తీశారు, రక్తపరీక్షలు చేశారు. వెంటనే కింద మెడికల్ వార్డులో చేర్చారు. ఏళ్ల తరబడి సరిగ్గా తినని ఒంటికి ఒక్కసారిగా తిండి ఎక్కించినా గుండెకు ప్రమాదమే, అందుకే కొలిచి కొలిచి మొదలుపెట్టారు. "ఇంకొన్నాళ్లు ఇలాగే నడిచి ఉంటే ఏ రోజు ఏమయ్యేదో చెప్పలేం" అన్నారు మేడం. కబురు చేస్తే ఆమె భర్త మగ్గం ఆపి అట్లాగే వచ్చాడు, జుట్టు నిండా దూది నలక.

"మా ఇంటిది మస్తు భక్తి గల మనిషి సిస్టర్" అన్నాడు. ఆ గొంతులో భయంతో పాటు గర్వం కూడా ఉంది. "సోమారం శివునికి, శనారం ఎంకన్నకు, శుక్కురారం అమ్మోరికి. వాడకట్టు అంత ఈమెను సూసి నేర్సుకోమంటరు."

తక్కిన రోజుల్లో ఏం తింటుందని అడిగాను. అందరికీ వడ్డించాకే తింటుందని చెప్పాడు. తింటుండగా చూశావా అంటే నేల చూపులు చూశాడు.

మూడో రోజు పొద్దున స్వరూప మంచం పక్కన కూర్చున్నాను. ముందు క్షమించమని అడిగాను. ఆ రోల్ ప్లే పెట్టడానికి ముందు, మీలో ఎవరికైనా తిండితో బాధ ఉందా అని ఒక్కొక్కరినీ విడిగా అడగాల్సింది. అడగలేదు. స్వరూప కిటికీ వైపు చూస్తూ అన్నది:

"అది మా అమ్మ గొంతు సిస్టర్."

పదమూడేళ్లప్పుడు తల్లి పోయింది. తండ్రి మగ్గం మీద, తన కింద ముగ్గురు చిన్నవాళ్లు. గిన్నెలో ఉన్నది వాళ్లకు పెట్టి, "నేను తిన్న" అని చెప్పేది. చుట్టాలు వచ్చి చూసి, "ఈ పిల్లకు ఆకలే లేదు, బంగారం అసొంటి పిల్ల" అని మెచ్చుకునేవారు. కొన్నాళ్లకు ఇంట్లో తిండికి కొదవ తీరింది. కానీ అప్పటికి, అన్నం ముందు కూర్చున్నప్పుడల్లా వెనుక నుంచి ఆ గొంతు వినబడడం మొదలైందట. బిడ్డా అని పిలిచే గొంతు.

"మీరు వైద్యం చేసి దాన్ని తీసేస్తరట గదా. దాన్ని తీసేస్తె మా అమ్మ పోతది సిస్టర్. ఒక్కసారి పోయింది, సాలదా?"

నాకు తోచింది అడిగాను.

"మీ అమ్మ బతికున్నప్పుడు నీకు అన్నం పెడుతూ ఏమనేది స్వరూపా?"

ఆమె కళ్లు మూసుకుంది.

"మగ్గం దిగి వచ్చేది. చేతులకు రంగు అట్లనే ఉండేది. 'మెల్లగ తినుర్రి, అన్నం ఏడికి పోతది' అనేది. నాకు పెరుగంటే పాణం. నా వంతు అయిపోతె తన గిన్నెల నుంచి తీసి ఏసేది."

"నీకు సిగ్గు లేదని ఎప్పుడన్నా అన్నదా?"

"లే." గట్టిగా తల అడ్డంగా ఊపింది. "ఎన్నడు అనలే. మా అమ్మ అట్ల అనదు."

అని ఆగింది.

"గట్లయితె... ఇన్నేండ్ల సంది నా ఎనుక ఉన్నది ఎవలు సిస్టర్?"

పుస్తకంలో దానికి జవాబు ఉంది, జబ్బు అని. అది చెప్పడానికి నోరు రాలేదు. "దాని పేరు నాకు తెలియదమ్మా. మీ అమ్మ మాత్రం కాదు" అన్నాను. స్వరూప మెల్లగా మెడ తిప్పి, దిండు వెనుక గోడ వైపు చూసింది. ఇంట్లోకి చొరబడిన పరాయి మనిషిని చూసినట్టు చూసింది.

ఆ మధ్యాహ్నం ఇచ్చిన గిన్నెలో సగం తిన్నది. పది రోజులకు గుండె కుదుటపడి, మూడో అంతస్తుకు రోగిగా వచ్చింది. భోజనాల బల్ల దగ్గర శ్రావ్య తనంతట తాను వెళ్లి ఆమె పక్కన కూర్చుంది. కాసేపటికి ఆ పిల్ల అన్న మాట విని, వడ్డిస్తున్న వంటామె గరిటె గిన్నెలోనే వదిలేసింది.

"అక్కా, మనిద్దరికి వచ్చేది ఒక్కతే గదా. ఒక్కతే అయితె ఒక్కసారి ఒక్కల ఎనుకనే నిలబడాలె. ఫస్ట్ నేను పట్టుకుంట. నువ్వు తిను."

అని రెండు పిడికిళ్లూ బిగించి, కళ్లు మూసుకుని కూర్చుంది. స్వరూప బిత్తరపోయి చూసి, ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంది. ఇంకొకటి. ఇంకొకటి. కొన్ని ముద్దలయ్యాక చెయ్యి ఆపి, "ఇగ నాకియ్యి బిడ్డా. ఇప్పుడు నువ్వు తిను" అన్నది. ఈసారి ఆమె పిడికిళ్లు బిగించింది. శ్రావ్య తినడం మొదలుపెట్టింది. కనబడని దాన్ని ఒకరి చేతుల్లోంచి ఒకరు తీసుకుంటూ ఆ ఇద్దరూ కంచాలు ఖాళీ చేశారు.

మేడంకు చెప్పాను. "ఇది ఏ పుస్తకంలోనూ లేదు" అన్నారు. తర్వాత, "ఇద్దరూ పూర్తిగా తింటున్నారా? అయితే ఆపకండి. రోజూ రాసి ఉంచండి" అన్నారు.

ఆ బల్ల దగ్గర మూడో మనిషిగా కూర్చోవడానికి సిబ్బందిలో ఎవరూ ముందుకు రాలేదు. చివరికి కొమురమ్మ వచ్చింది. భయం లేదా అని అడిగాను.

"ఎందుకుండదు? గని మా ఊళ్లె గాలి సోకినోళ్ల దగ్గర చిన్నప్పటి సంది కూసున్న. గాలిని తిడుత గని మనిషిని తిట్టను. మనిషిది తప్పేమున్నది?"

జబ్బు వేరు, రోగి వేరు అనే సంగతి చెప్పడానికి నేను స్లైడ్లు వేసి గంటసేపు తంటాలు పడేదాన్ని. ఆమెకు అది పుట్టినప్పటి నుంచే తెలుసు. రోజూ వాళ్ల ఎదురుగా కూర్చుని, తానూ తింటూ, మేనల్లుడి పెండ్లి ముచ్చట్లు, వరి కోతల ముచ్చట్లు చెప్పేది. మధ్యలో ఎవరి పిడికిళ్లు సడలినా, ఆ కుర్చీ వెనుక ఖాళీ వైపు చూసి, బస్సులో పక్క మనిషితో అన్నట్టు, "నువ్వు జర పక్కకు జరుగు తల్లీ, పిల్లలు తింటాండ్రు" అనేది. మొదటిసారి విన్నప్పుడు శ్రావ్య పక్కున నవ్వింది. ఆ వార్డు తెరిచాక భోజనం వేళ వినబడిన మొదటి నవ్వు అది.

శ్రావ్య మూడు నెలలకు ఇంటికి వెళ్లింది. తర్వాతి ఏడాది ఒకసారి తిరగబెట్టింది, కొన్ని వారాలుండి వెళ్లింది. ఇప్పుడు ఉద్యోగం చేస్తోంది. స్వరూపకు ఇంకా ఎక్కువ కాలం పట్టింది. ఇప్పుడు కింద పేర్లు రాసుకునే కౌంటర్‌లో కూర్చుంటుంది, వార్డు పని చేయదు. కలిసినప్పుడు అడుగుతాను. "వస్తది సిస్టర్. దూరంగ నిలబడుతది. పిలిస్తె పలుకను" అంటుంది.

ఇద్దరి నోటా ఒకే మాట ఎలా వచ్చిందని మేడంను చాలాసార్లు అడిగాను. ఈ జబ్బుకు కొత్త మాటలు కల్పించడం రాదు, చుట్టూ విన్న మాటలనే ఎత్తుకుంటుంది అన్నారావిడ. తర్వాతి బ్యాచ్ ట్రైనింగ్‌లో, చిన్నప్పుడు ఇష్టంగా తింటుంటే ఇంట్లో ఏమనేవారని ఆడవాళ్లందరినీ కాగితం మీద రాయమన్నాను. ఒక్కొక్కటీ విప్పి చదువుతూ పోయాను. ఆడపిల్లకు ఇంత ఆకలేంది. సిగ్గు లేదు. సిగ్గు లేకుంట తింటది. సగం కాగితాలు కూడా చదవకుండానే మడిచి పెట్టేశాను. జవాబు దొరికింది. భయం మాత్రం దానితో తగ్గలేదు.

ఈ కేసు నేర్పినదాన్ని బట్టి పని పద్ధతి మార్చుకున్నాను. కుర్చీ వెనుక ఎవరినీ నిలబెట్టను. ట్రైనింగ్ మొదటి రోజు మొదటి గంట అందరం కలిసి కూర్చుని తింటాం, నేనూ తింటాను. తర్వాత ఒక మాట చెబుతాను: ఈ పని చేయడానికి వచ్చినవాళ్లలో ఈ బాధ ఉన్నవాళ్లు కూడా ఉండవచ్చు, అది తప్పు కాదు, ఉద్యోగం పోదు, నాతో విడిగా చెప్పవచ్చు. ఆ మాట చెప్పి, కాగితాలు సర్దుకుంటున్నట్టు కాస్త ఆలస్యం చేస్తాను. అందరూ మాట్లాడుకుంటూ బయటికి వెళ్లిపోతారు. చివరగా ఒకరు తలుపు దగ్గర ఆగి, చెప్పులు వెతుక్కుంటున్నట్టు వంగి, అక్కడే నిలబడిపోతారు.

ఇంతవరకూ అలా ఎవరూ ఆగని బ్యాచ్ నాకు రాలేదు.